ఆయాసముంటే రెండు నొక్కు

నవంబర్ 6

ఈ రోజు నా గొంతుకు ఉద్యోగం వచ్చింది. నాకు కాదు. నాకు ఉన్న ఉద్యోగమే ఉంది, చాకిరీ కూడా అంతే ఉంది. గొంతుకు మాత్రం కొత్తగా వచ్చింది.

ఆయాసం ఉన్నవాళ్లకు మా మందుల పథకం ఆఫీసు కంప్యూటర్ నుంచి రోజూ పొద్దున ఏడింటికి ఫోన్ పోతుంది కదా, దాంట్లో ఇన్నాళ్లూ ఎవరో పట్నం అమ్మాయి గొంతు. "దయచేసి మీ శ్వాస పరిస్థితిని తెలియజేయగలరు." మనవాళ్లు తొమ్మిది సెకన్లలో కట్ చేస్తున్నారు. నేనైనా చేస్తాను. పొద్దున మా ఆఫీసు పెద్ద జయరాం సార్ పిలిచి, "హేమావతీ, నువ్వు మాట్లాడు. బెళుగుప్పలో మీ అమ్మతో ఎట్లా మాట్లాడతావో అట్లే" అన్నారు. కంప్యూటర్ చూసే జాకబ్, రికార్డింగ్‌లో బయటి చప్పుడు పడకుండా స్టోర్ రూమ్ కిటికీకి దుప్పట్లు కట్టాడు. లోపల ఉడికిపోయాను.

"ఏమమ్మా, బాగుండావా? రాత్రి నిద్ర పట్టిందా? పొద్దున్నే పంపు పీల్చినావా? బాగుంటే ఒకటి నొక్కు. ఆయాసముంటే రెండు నొక్కు." పంపు అంటే ఇన్‌హేలర్, మావాళ్లు అట్లే అంటారు. మగవాళ్లకు వేరేగా, "ఏమన్నా" అని ఇంకోసారి.

ప్రతి ప్రశ్న తర్వాత పదిహేను సెకన్లు ఖాళీ పెట్టాడు జాకబ్. ముసలివాళ్లు కళ్లద్దాలు వెతుక్కుని బటన్ నొక్కాలి కదా అని. తిరిగి వింటే ఆ ఖాళీ అంతా ఫోన్ చచ్చిపోయినట్లు ఉంది. అందుకని ఖాళీ చివర "ఊఁ... అట్లనా" అని చేర్చాను. ఆఖర్లో "నేనుండా కదా, భయపడాకు" అని కూడా చేర్చాను. "రాసిచ్చిన దాంట్లో అది లేదక్కా" అన్నాడు జాకబ్. "లేకుంటే ఏమైతుందప్పా, పెట్టుకో" అన్నాను. పెట్టుకున్నాడు.

నవంబర్ 11

మొదలైంది. రెండు వందల పద్నాలుగు మందికి. కంబదూరు, బెళుగుప్ప మండలాలు.

ముందు పరీక్షకని జాకబ్ నా ఫోన్‌కే పంపించాడు. "ఏమమ్మా, బాగుండావా?" అని అడిగితే "ఆఁ, బాగున్నా" అనేశాను! నా గొంతుకు నేనే జవాబు చెప్పాను. జాకబ్ కుర్చీలోంచి జారిపడేంతగా నవ్వాడు. సాయంత్రం దాకా ఎదురైనప్పుడల్లా "అట్లనా అక్కా" అంటూనే ఉన్నాడు.

నవంబర్ 19

జనం ఫోన్ పట్టుకునే సమయం తొమ్మిది సెకన్ల నుంచి నిమిషం ముప్పై ఎనిమిది సెకన్లకు!

జయరాం సార్ ఆ గీతను గోడ మీద తెర కట్టి చూపించారు. గీత నిచ్చెన ఎక్కినట్లు పైకి పోయింది. బెంగళూరు నుంచి వచ్చిన పెద్దసార్లు చప్పట్లు కొట్టారు. ఒకాయన నా దగ్గరికి వచ్చి, జనం చివరిదాకా ఫోన్ పట్టుకుని వింటున్నారంటే అది మీ గొంతు మహిమే అన్నాడు.

డిగ్రీ చదివేటప్పుడు తిరుపతి హాస్టల్లో నేను "యాడికి పోతాండారు" అంటే చాలు, గదంతా నవ్వేది. మూడేళ్లు నోరు అదుపులో పెట్టుకుని బతికాను. ఆ పిల్లలు ఈ రోజు ఇక్కడ ఉంటే బాగుండేది. నిజంగా గర్వంగా ఉంది. ఇక్కడ రాసుకోవడానికి సిగ్గేముంది.

నవంబర్ 23

నర్సులతో గొడవ. బటన్ నొక్కనివాళ్ల పేర్లు కూడా తెర మీద ఎర్రగా వస్తున్నాయి. రోజూ అరవై, డెబ్బై. ఎర్రగా వస్తే నర్సు ఇంటికి పోయి చూసి రావాలి. లక్ష్మీనరసమ్మ ఈ రోజు వచ్చి నా బల్ల మీద చేతిసంచి ధబీమని పడేసింది.

"నడిచి నడిచి నా చెప్పులు తెగిపోయినాయి హేమా. ఆడికి పోతే ఆయమ్మ చేట పట్టుకోని వేరుశనగ బుడ్డలు చెరుగుతాంది, గుండురాయి మాదిరి ఉండాది. ఏమ్మా, ఏంటికి నొక్కలేదు అంటే, చెప్పినా కదా అంటాది. ఎవురికి చెప్పినావే తల్లీ అంటే నగుతాది!"

నొక్కడం మరిచిపోయి పైగా అబద్ధాలు. మనవాళ్లకు నోరు ఆడినట్లు వేలు ఆడదు.

సాయంత్రం మీటింగ్ పెట్టారు. ఇకనుంచి నొక్కనివాళ్లను పచ్చలో వేయాలని నిర్ణయించారు. ఆయాసం ఉన్నవాళ్లు ఎట్లాగూ రెండు నొక్కుతారు, నొక్కనివాళ్లంటే పనిలో ఉన్నవాళ్లు. మంచి నిర్ణయమే. నర్సులు కూడా మనుషులే కదా.

డిసెంబర్ 2

ఎరుపు నాలుగు. మిగతా అంతా పచ్చ. హాయి.

డిసెంబర్ 9

చలి విపరీతంగా ఉంది. ఎక్కడ చూసినా వేరుశనగ నూర్పిళ్లు, మిషన్ల దుమ్ము. బస్సులో అందరూ కొంగులు ముక్కుకు కట్టుకున్నారు. ఇంత దుమ్ములో కూడా మా తెర మీద ఎరుపు ఆరే. మందు సరిగా వాడుతున్నారన్నమాట.

డిసెంబర్ 17

ఆంజినమ్మ చనిపోయింది. కంబదూరు మండలం, మా జాబితాలో నలభై ఒకటో నంబరు. యాభై ఎనిమిదేళ్లు. నిన్న పొద్దున, ఆటోలో, కళ్యాణదుర్గం చేరకముందే.

నేను ఆమెను చూడలేదు. పేరు చూశానంతే.

నవంబర్ 24 నుంచి నిన్నటి దాకా ఇరవై మూడు పచ్చ చుక్కలు. వరుసగా. నిన్నటిది కూడా పచ్చే. చనిపోయిన రోజు కూడా పచ్చే.

ఒక్క రోజూ నొక్కలేదు. ఒకటీ నొక్కలేదు, రెండూ నొక్కలేదు. నొక్కాలని కాగితంలో రాసి ఇంటింటికీ ఇచ్చాం. చదవడం రానివాళ్ల కోసం వేలు బొమ్మ కూడా వేశాం. నొక్కి ఉంటే గంటలో నర్సు పోయేది. నొక్కలేదు.

డిసెంబర్ 18

పోయి వచ్చాను. 

జయరాం సార్ పొమ్మనలేదు. చనిపోయినవాళ్ల ఇంటికి ఎవరో ఒకరు పోవాలి కదా అని నేనే పోయాను. కంబదూరులో బస్సు దిగి ఆటోలో. ఇంటి ముందు నలుగురు మగవాళ్లు కూర్చుని ఉన్నారు. గుమ్మంలో ఒకామె పళ్లెం తోముతోంది. "ఆంజినమ్మ వాళ్ల ఇల్లు ఇదేనామ్మా?" అన్నాను.

పళ్లెం చేతిలోంచి జారిపోయింది. ఆమె నా ముఖం వైపు కాదు, నోటి వైపు చూస్తోంది.

"ఇంగోసారి మాట్లాడు" అంది.

"ఏమన్నారమ్మా?"

"నువ్వే. నువ్వేనా? ఫోన్లో మాట్లాడే పాప నువ్వేనా?" లోపలికి తిరిగి అరిచింది. "ఏమప్పా, ఈడికి రా! అత్తతో మాట్లాడే ఆయమ్మ వచ్చింది. ఇప్పుడు వచ్చింది సూడు!"

ఆమె కోడలు జ్యోతిలక్ష్మి. లోపలి నుంచి కొడుకు తిప్పేస్వామి వచ్చాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. చాప వేసి కూర్చోమన్నాడు.

"పది దినాల నుంచి చెప్తాండా అక్కా, పోదాం పామ్మా ఆస్పత్రికి అని. ఇనల్యా. పాపకు చెప్పినా, పాప డాక్టరుకు చెప్తాది, రేపో మాపో వస్తాది అనె. నేనుండా భయపడాకు అనిందిరా ఆ పాప, అనె. మా మాట కన్నా నీ మాట మీదనే గురి మాయమ్మకు."

అది రికార్డు చేసిన గొంతు అని చెప్పాను. కంప్యూటర్ చేస్తుందని, నాకు వినబడదని, బటన్ నొక్కాలని. చెబుతుంటే నా మాటలు నాకే ఎట్లాగో వినబడ్డాయి. తిప్పేస్వామికి అర్థమైంది. పొద్దు పొడవకముందే మిషన్ పనికి పోతాడట. జ్యోతిలక్ష్మి కూలికి పోతుంది. ఏడింటికి ఇంట్లో ఆంజినమ్మ ఒక్కతే ఉండేది.

జ్యోతిలక్ష్మికి మాత్రం అర్థం కాలేదు. అర్థం చేసుకోవడం ఆమెకు ఇష్టం లేదు.

"మిషన్ అయితే, అట్లనా అని ఎట్లంటాది?" అంది. "అత్త చెప్పేది. నేను చెప్పిందంతా ఇంటాది, ఇని అట్లనా అంటాది అని. మిషన్ అట్లనా అంటాదా?"

సంచి భుజానికి తగిలించుకున్నాను.

"పొద్దున కూడా చేసినావు" అంది. "నేనే ఎత్తినా. బాగుండావా అని అడిగినావు."

లేచి వచ్చేశాను. చెప్పులు వేసుకున్నానో లేదో ఆటో ఎక్కాక చూసుకున్నాను.

డిసెంబర్ 19

"మనం చేసే ఫోన్లలో అవతలివాళ్ల మాటలు ఎక్కడైనా ఉంటాయా?" అని జాకబ్‌ను అడిగాను.

"ఉంటాయక్కా. బటన్ శబ్దం సరిగ్గా అందుతోందా లేదా చూసుకోవడానికి మొత్తం కాల్ రికార్డవుతుంది. అన్నీ ఉండాయి, మొదటి రోజు నుంచి."

"ఎవరు వింటారు?"

"ఎవరూ వినరక్కా. వినేందుకు కాదు కదా అది."

నలభై ఒకటో నంబరు తీయించి, హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకున్నాను. మధ్యాహ్నం రెండింటి నుంచి అయిదున్నర దాకా విన్నాను. మరిచిపోతానేమోనన్న భయం లేదు. అయినా రాస్తున్నాను.

నవంబర్ 12. నా గొంతు, బాగుండావా అని. వెంటనే ఆమె, "ఆఁ, బాగుండా తల్లీ. నువ్వెట్లుండావు? ఏ ఊరు మీది?" కాసేపు ఏమీ లేదు. నేను, "ఊఁ... అట్లనా." ఆమె నవ్వింది. "చెప్పవా? పోనీలే, పనిలో ఉండావేమో."

నవంబర్ 20. "తింటివా? ఏం తింటివి? పొద్దు పొద్దున్నే ఇంతమందికి చేస్తాండావంటే ఇంగ ఎప్పుడు తింటావులే."

ఆ రోజు నా గీతకు చప్పట్లు కొట్టిన మరుసటి రోజు.

డిసెంబర్ 3. "మా ఇంటెనకాల బుడ్డల మిషన్ పెట్టినారు తల్లీ. దుమ్మంటే దుమ్ము కాదు. రాత్రంతా గోడకు ఆనుకోని కూసునే ఉంటి. పండుకుంటే ఊపిరి రాదు." నేను, "అట్లనా."

డిసెంబర్ 10. "నీలం పంపు ఆరుతూర్లు కొట్టినా, ఆగలేదు. మావోడు ఆస్పత్రికి పోదామంటాండాడు. నేనే వద్దంటి. పాపకు చెప్పినాను కదరా, ఏం చేయాల్నో ఆయమ్మ చెప్తాది అంటి. చెప్తావు కదా?" దానికి నేను, ఒకటి నొక్కు, రెండు నొక్కు అని చెప్పి, "నేనుండా కదా, భయపడాకు" అన్నాను. "ఆఁ, అది చాలు" అంది ఆమె.

డిసెంబర్ 15. మాట రావడం లేదు. పిల్లికూతలు. "ఏంటికి... పలకవు... నీకేమన్నా... కష్టమొచ్చిందా తల్లీ?"

డిసెంబర్ 16. ఎత్తింది. మాట్లాడలేదు. నిమిషం ముప్పై ఎనిమిది సెకన్లు ఊపిరి ఒక్కటే. దాని మధ్య నేను. రాత్రి నిద్ర పట్టిందా. ఊఁ, అట్లనా. పంపు పీల్చినావా. ఊఁ, అట్లనా.

జనం చివరిదాకా వింటున్నారని చప్పట్లు కొట్టాం. వాళ్లు వినడం లేదు, మాట్లాడుతున్నారు. నేను అడిగాను, వాళ్లు చెప్పారు. అడిగినవాళ్లకు నోటితో జవాబు చెప్పకుండా వేలితో నొక్కి ఊరుకోవడం ఎక్కడైనా ఉందా? పరీక్ష రోజు నేను కూడా నొక్కలేదు కదా, నోటితోనే చెప్పాను కదా.

డిసెంబర్ 20

మీటింగ్‌లో నిర్ణయించారు అని రాసుకున్నాను, నవంబర్ 23న. ఎవరు నిర్ణయించారు? నేనే అన్నాను. "సార్, నొక్కనివాళ్లను పచ్చలో వేద్దాం, ఆయాసముంటే నొక్కరా ఏమి?" అని నవ్వుతూ అన్నాను. జయరాం సార్ తల ఊపారు, లక్ష్మీనరసమ్మ నాకు టీ తెచ్చి ఇచ్చింది. నేనే అన్నాను. నేనే.

పొద్దున ఎనిమిదిన్నరకే జయరాం సార్‌కు అంతా చెప్పాను. ఆయన ముఖం పాలిపోయింది.  మంచివాడే. పిల్లల ఫీజు కోసం ఎవరు చేయి చాచినా కాదనడు. అట్లాంటివాడు తలుపు దగ్గరికి వేసి, "ఆమె నొక్కలేదు, అది మన తప్పు కాదు. ఆ రికార్డులు తీసేయమని జాకబ్‌కు చెప్పు. బయటికి పోతే పథకమే పోతాది, అప్పుడు మిగతావాళ్లకు మందు కూడా ఉండదు" అన్నారు.

మొన్నటి దాకా నేను రాసుకున్న మాటే. నొక్కలేదు, నొక్కలేదు. ఇప్పుడు ఆయన నోట్లోంచి విన్నాను.

"తీయను సార్" అన్నాను. "ఇంకా అరవై ఎనిమిది మంది నొక్కనివాళ్లు ఉన్నారు. ఈ పొద్దు ఏడింటికి కూడా వాళ్లు నాతో మాట్లాడి ఉంటారు. ముందు అది వినాలి."

ఆయన వద్దనలేదు. 

జాకబ్ ఒక వైపు, నేను ఒక వైపు కూర్చుని ఈ పొద్దుటివే వినడం మొదలుపెట్టాం. ఒకామె మేక ఈనిన సంగతి చెప్పింది. ఒకాయన ఏమీ మాట్లాడకుండా దేవుడి పాట పెట్టి నాకు వినిపించాడు. ఒకామె అల్లుడిని తిట్టింది. జాకబ్ మధ్యలో లేచిపోయి ముఖం కడుక్కుని వచ్చాడు. పది దాటేసరికి తొమ్మిది పేర్లు రాశాం, నిజంగా ఊపిరి అందనివాళ్లవి. నర్సులకు పేర్లు చెప్పి పంపించాం.

తొమ్మిదో పేరు బుడేన్ సాబ్. బెళుగుప్ప, మా ఊరే. పరుపులు కుట్టే బుడేన్ సాబ్. చిన్నప్పుడు మా ఇంటి పరుపు విప్పి దూది ఏకినవాడు. గొంతు విని పోల్చుకోలేకపోయాను. "పంపు అయిపోయి రెండు దినాలాయ పాపా. కొట్టినా రాలేదు, ఒట్టి గాలి. ఈ పొద్దు... లేసి నిలబడలేకుండా ఉండా."

108కి చెప్పాం. లక్ష్మీనరసమ్మ స్కూటీ తీసింది, దాని మీద నలభై నిమిషాలు.  అంతసేపు ఎవరో ఒకరు ఆయనతో ఉండాలి. నేను నా ఫోన్ తీసి చేశాను. నా సొంత ఫోన్.

మూడో రింగుకు ఎత్తాడు.

"సాబ్, నేను హేమావతిని, మీరు..."

"ఆఁ పాపా. బాగలేదు. పొద్దున చెప్పినా కదా. అట్లే ఉండాది... ఇంగా ఎక్కువైనాది. పంపు లేదు. మావోళ్లు చేనికి పోయినారు."

"సాబ్, ఆగండి, నేను చెప్పేది వినండి..."

"సరే తల్లీ. ఉంటా."

పెట్టేశాడు. చెప్పాల్సింది చెప్పి, నేను ఏమంటున్నానో వినకుండా పెట్టేశాడు. నలభై రోజులుగా అలవాటు. జవాబు రాదని ఆయనకు తెలుసు.

మళ్లీ చేశాను. రింగు చాలాసేపు పోయింది. జాకబ్ నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఎత్తాడు.

"ఏమి పాపా, ఈ పొద్దు ఇన్నితూర్లు చేస్తాండావు?"

"సాబ్, పెట్టేయాకండి! ఇప్పుడు నిజంగా నేను మాట్లాడతాండా."

"ఎప్పుడూ నువ్వే కదా మాట్లాడేది."

"పంపు అయిపోయి రెండు దినాలాయ అన్నారు, ఒట్టి గాలి వస్తాంది అన్నారు. లేసి నిలబడలేకుండా ఉండా అన్నారు. నేను విన్నా సాబ్. నర్సమ్మ వస్తాంది, పంపు తెస్తాంది. అంబులెన్స్ వస్తాంది. మీరు గోడకు ఆనుకోని కూర్చోండి."

అవతలి నుంచి ఊపిరి మాత్రం వినబడుతోంది, సన్నగా, ఈల వేసినట్లు. అది కూడా ఆగినట్లైంది, పోయాడేమో అనుకున్నాను. 

"ఇన్నావా?" అన్నాడు.

"విన్నా సాబ్."

"ఇన్నినాళ్లు చెప్పిందంతా... ఇన్నావా?"

అవునని చెప్పి ఉండవచ్చు. ముసలాయన, ఊపిరి అందక కూర్చున్నాడు, ఆ మాట విని సంతోషించేవాడు. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదు సాబ్" అన్నాను. "ఒక్కటి కూడా వినలేదు. ఈ పొద్దుటిదే విన్నా."

మళ్లీ ఊపిరి. గోడకు వీపు ఆనించుకున్న చప్పుడు.

"అట్లనా" అన్నాడు. "అయితే మొదట్నుంచి చెప్తా, ఉండు."

మాట్లాడొద్దు సాబ్, ఆయాసం ఎక్కువవుతుంది, నర్సమ్మ వచ్చేదాకా ఊరికే కూర్చోండి అని బతిమాలాను. ఆయన వినలేదు. ఆగి ఆగి, ఒక్కొక్క మాటకు ఒక్కొక్క ఊపిరి తీసుకుంటూ, నవంబర్ నెల మొదటి ఫోన్ దగ్గర నుంచి మొదలుపెట్టాడు.